ఇంటికి ఫెరెట్ వచ్చింది, ఇప్పుడెలా? కొత్తగా పెంచేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటాం. ఇంట్లో రెండు ఫెరెట్లు: మగది జున్ను, ఆడది మిరియం. ఐదేళ్ళ కిందట మా అమ్మాయి పట్టుబట్టడంతో జున్నుని తెచ్చాం. అప్పటికి మాకేమీ తెలియదు. మొదటి మూడు నెలలు ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేదు. ఇప్పుడు తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటారు. అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే జవాబులన్నీ ఒకచోట రాసిపెడదాం అనిపించింది. నేను డాక్టర్ని కాను, కాబట్టి మందుల డోసులు ఇందులో వెతక్కండి.

ఫెరెట్ అంటే మన ముంగిసేనా?

కాదు, కానీ చూడగానే అందరికీ ముంగిసే గుర్తొస్తుంది. మా అత్తగారైతే వీడియో కాల్‌లో చూసి "పందికొక్కుని పెంచుతున్నారేంటే!" అన్నారు. ముంగిసది వేరే కుటుంబం. ఫెరెట్‌కి దాయాది కావాలంటే కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కని చెప్పుకోవచ్చు. యూరప్‌లో పోల్‌క్యాట్ అనే అడవి జంతువుని 2 వేల ఏళ్ళకు ముందే మచ్చిక చేసి, కుందేళ్ళని బొరియల్లోంచి తరమడానికి వాడుకున్నారు. ఆ మచ్చికైన రకమే ఈ ఫెరెట్. ఒళ్ళు గొట్టంలా పొడుగ్గా ఉండటం ఆ పనికి కలిసొచ్చింది. ఇక పేరుకి మూలం లాటిన్‌లో దొంగ అనే మాట. బొరియల్లో దూరడం, దొంగతనం చేయడం, ఈ రెండూ దాని పుట్టుకలోనే ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే కింద చెప్పేవాటిలో సగం మీకే తెలిసిపోతాయి.

మేముండే చోట పెంచుకోవచ్చా?

కొనకముందు అడగాల్సిన ప్రశ్న ఇది. అమెరికాలో కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో ఫెరెట్‌ని పెంచుకోకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలో పెంచుకోవచ్చు గానీ న్యూయార్క్ నగరంలో కుదరదు. అక్కడ 2015లో నిషేధం ఎత్తేయాలని ఓటింగ్ దాకా వెళ్ళి కూడా వీగిపోయింది. కొన్ని చోట్ల పర్మిట్ అడుగుతారు, కొన్ని ఊళ్ళకి సొంత నిబంధనలు ఉంటాయి. అపార్ట్‌మెంట్ లీజులో "పెట్స్ ఓకే" అని ఉన్నంత మాత్రాన ఫెరెట్ కూడా ఓకే అనుకోవద్దు. విడిగా మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఈరోజు డల్లాస్‌లో ఉంటారు, వచ్చే ఏడు ప్రాజెక్ట్ మారి ఫ్రీమాంట్‌కో శాన్‌హోజేకో వెళ్ళాల్సి వస్తుంది. కాలిఫోర్నియా సరిహద్దు దాటించి దాన్ని తీసుకెళ్ళలేరు. ఫెరెట్ బతికేది సుమారు 6 నుంచి 8 ఏళ్ళు. ఆ లోపు బే ఏరియాకి వెళ్ళే అవకాశం బలంగా ఉంటే ఇప్పుడు కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. కొన్నాక వదిలించుకోవడం కంటే అది తేలిక.

తెచ్చి నాలుగు రోజులైంది. చేయి పెడితే చాలు కొరుకుతోంది. దీనికి మేమంటే ఇష్టం లేదా?

ఇష్టం లేక కాదు. ఫెరెట్ పిల్లలు ఒకదాన్నొకటి మెడ పట్టి కొరుక్కుంటూనే పెరుగుతాయి. వాటి చర్మం మందం, నొప్పి తెలియదు. మన చర్మం పల్చనని దానికి ఎవరు చెప్పారు? మీరే నేర్పాలి.

కొరకగానే కింద వదిలేస్తే "కొరికితే దింపుతారు" అన్న పాఠం నేర్చుకుంటుంది. మేం చేసింది ఇది: గట్టిగా "వద్దు" అని, మెడ వెనక వదులుగా ఉండే చర్మం పట్టుకుని, రెండో చేత్తో ఒళ్ళు ఆనించి ఎత్తి, ఖాళీ క్యారియర్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచడం. తల్లి పిల్లని పట్టుకునే తీరు అదే, అలా పట్టుకుంటే చాలావరకు ఆవలిస్తూ మెత్తబడుతుంది. కొట్టొద్దు, ముక్కు మీద వేలితో చిటికె వేయొద్దు. భయపడిన ఫెరెట్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వదలకుండా పట్టేసినప్పుడు చేయి లాక్కుంటే గాయం పెద్దదవుతుంది, ఓపిగ్గా విడిపించుకోవాలి. ఆటకి చేతులు ఇవ్వకుండా తువ్వాలు ముక్కో తాడు బొమ్మో ఇవ్వండి. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. మా ఇంట్లో మావారు చేతులతోనే ఆడించేవారు, అందుకే మాకు ఇంకో నెల ఎక్కువ పట్టింది.

తల మీద తెల్లటి చార ఉన్నవాటిలో, తలంతా తెల్లగా ఉన్నవాటిలో చెవుడు ఎక్కువగా కనిపిస్తుంది. వినపడని ఫెరెట్‌ని నిద్రలో వెనకనుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కొరుకుతుంది. ముందు మీ చేయి వాసన చూడనివ్వండి. ఎప్పుడూ కొరకని పెద్ద ఫెరెట్ హఠాత్తుగా మొదలుపెడితే మాత్రం ఎక్కడో నొప్పి ఉన్నట్టు, డాక్టర్‌కి చూపించాలి.

ఎత్తి ఊపినా లేవడం లేదు. చచ్చిపోయిందా?

మా ఇంట్లో ఇది రాత్రి 11 గంటలకి జరిగింది. జున్ను గుడ్డపేలికలా వేలాడుతున్నాడు, మా అమ్మాయి ఏడుపు, మావారు కారు తాళాలు వెతుకుతున్నారు. ఇంతలో వాడు కళ్ళు తెరిచి ఆవలించాడు. ఫెరెట్లు రోజుకి 14 నుంచి 18 గంటలు నిద్రపోతాయి, అందులో కొంత ఇలాంటి మొద్దు నిద్ర ఉంటుంది. ముక్కు దగ్గర సాల్మన్ నూనె చుక్క పెడితే ముందు నాలుక కదులుతుంది, తర్వాత మనిషి లేస్తాడు. ఒళ్ళు వెచ్చగా, చిగుళ్ళు గులాబీ రంగులో ఉండి, ఊపిరి ఆడుతుంటే టెన్షన్ పడక్కర్లేదు. చిగుళ్ళు పాలిపోయి చొంగ కారుతుంటే అది నిద్ర కాదు. దాని సంగతి కింద జబ్బుల దగ్గర చెప్తాను.

పూనకం వచ్చినట్టు పక్కకి పక్కకి గెంతుతూ గోడలకి గుద్దుకుంటోంది. పిచ్చా?

సంతోషం. వీపు విల్లులా వంచి, తోక సీసాలు కడిగే బ్రష్‌లా పొంగించి, నోరు తెరిచి చేసే వీరంగం అది. గొంతులోంచి "డుక్ డుక్ డుక్" అని కోడిపెట్టలాంటి చప్పుడు వస్తుంటే పరమానందంలో ఉన్నట్టు లెక్క. బుస కొడితే కోపం, కీచుమని అరిస్తే భయమో నొప్పో. గుద్దుకున్నా ఏమీ కాదు, కానీ గాజు టీపాయ్ ఉంటే పక్కకి జరపండి.

ఇల్లంతా వాసన. వారం వారం స్నానం చేయించినా పోవడం లేదు.

వారం వారం చేయిస్తున్నారు కాబట్టే పోవడం లేదు. మేమూ ఈ తప్పే చేశాం. ఆదివారం తలంటుల పక్కనే జున్నుకీ ఒక టబ్బు పెట్టేవాళ్ళం. వాసన చర్మంలోని నూనె గ్రంథుల నుంచి వస్తుంది. సబ్బుతో ఆ నూనె కడిగేస్తే చర్మం ఎండిపోయి, రెట్టింపు నూనె తయారు చేసుకుంటుంది. నెలకి ఒకసారికి మించి స్నానం అక్కర్లేదు, రెండు మూడు నెలలకోసారైనా చాలు.

వాసనంతా పట్టుకునేది గుడ్డల్లో. ఉయ్యాల, దుప్పటి ముక్కలు వారానికోసారి ఉతకండి, మలం రోజూ తీసేయండి. వాసన లేని డిటర్జెంట్ వాడితే మంచిది. చెవుల్లో గోధుమరంగు గులిమి కట్టి అదీ వాసనేస్తుంది, డాక్టర్ చెప్పిన ద్రావణంతో నెలకి ఒకటి రెండుసార్లు తుడవాలి. అమెరికా పెట్ షాపుల్లో వచ్చే పిల్లలకి సాధారణంగా సంతానం కలగకుండా ఆపరేషన్ అయిపోయి, తోక కింద గ్రంథులు కూడా తీసేసి ఉంటాయి. ఆ గ్రంథులు భయపడినప్పుడు వదిలే ఘాటుకి మాత్రమే. ఒంటి వాసన వాటితో పోదు.

సాంబ్రాణి, అగరొత్తులు, ప్లగిన్ సెంట్లతో కప్పిపుచ్చాలని చూడకండి. దాని ఊపిరితిత్తులు సున్నితం. తిరగమోత ఘాటుకే మిరియం వరసగా తుమ్ముతుంది. కాస్త కస్తూరిలాంటి వాసన ఎప్పటికీ మిగిలే ఉంటుంది. మాకు అలవాటైపోయింది, వచ్చిన చుట్టాలకి కాలేదు. వాసన అసలు వద్దనుకుంటే ఫెరెట్ వద్దు.

పిల్లిలా లిట్టర్ బాక్స్‌లో వెళ్తుందనుకున్నాం. మూలమూలనా కానిస్తోంది.

పిల్లితో పోల్చినంతకాలం మీకు బాధే. ఫెరెట్ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, ఏదో ఒక మూలకి ఆనుకుని పని కానిస్తుంది. కప్పెట్టడం ఉండదు. కాబట్టి మూల ఎక్కడుంటే బాక్స్ అక్కడ పెట్టడమే ఉపాయం. నిద్ర లేచిన కొద్ది నిమిషాల్లో తప్పకుండా వెళ్తుంది. పంజరం తలుపు తీసేముందు బాక్స్‌లో నిలబెట్టి, పని అయ్యాకే బయటికి వదలండి. శుభ్రం చేసేటప్పుడు గుర్తుగా కాస్త వదిలిపెట్టండి. బాక్స్‌లో కాగితపు గుళికలు వాడండి. ఉండకట్టే పిల్లి మట్టి ముక్కులోకి పోతుంది, దేవదారు, పైన్ చెక్క పొట్టు ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇంత చేసినా పదిసార్లలో ఏడెనిమిది సరైన చోట వెళ్తే మీరు గెలిచినట్టే. మిగతా రెండింటికి పాత న్యూస్‌పేపర్లు ఉన్నాయి.

మేం శాకాహారులం. పప్పన్నం, పెరుగన్నం, పనీర్‌తో నెట్టుకురావచ్చా?

రాలేరు. మనవాళ్ళ నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు దీని గురించే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఫెరెట్ పేగు పొట్టి. గింజలు, కూరలు, పీచు అరిగించే భాగమే అందులో లేదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. ఆ కాస్త సమయంలో దానికి ఒంటబట్టేది మాంసం, కొవ్వు మాత్రమే. అన్నం పెడితే కడుపు నిండినట్టే ఉంటుంది గానీ ఒంటికి ఏమీ పట్టదు. పాలు, పెరుగు పెడితే విరేచనాలు. అరటిపండు, కిస్‌మిస్, బెల్లం, లడ్డూ ముక్క దానికి మహా ఇష్టం, అసలు పెట్టకూడనివీ అవే. దేవుడి దగ్గర ఎండుద్రాక్ష ప్లేటు ఎత్తైన చోట పెట్టండి. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి) ఉన్న చూయింగ్ గమ్ విషం కింద లెక్క.

ఫెరెట్ల కోసం చేసిన పొడి మేత దొరుకుతుంది. ప్యాకెట్ వెనక పదార్థాల్లో మొదటివి మాంసమే అయ్యుండాలి. ప్రొటీన్ 35 నుంచి 40 శాతం, అంతకన్నా ఎక్కువైనా సరే, కొవ్వు 20 శాతం దగ్గర్లో, పీచు 3 శాతం లోపు. బఠాణీ, మొక్కజొన్న, బంగాళాదుంప ముందు వరసలో ఉంటే ఆ ప్యాకెట్ తిరిగి షెల్ఫ్‌లో పెట్టేయండి. మేత ఒక్కరోజు అయిపోతే మంచి రకం పిల్లికూనల మేతతో గడపొచ్చు, కుక్క మేతతో కుదరదు.

గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. మూడు నాలుగు గంటలకోసారి తినకపోతే నీరసపడుతుంది. దానికి ఏకాదశులు లేవు. ఇంకోమాట, చిన్నప్పుడు రుచి చూసిందే తిండి అనుకునే మొండిఘటం ఇది. పెద్దయ్యాక కొత్తది పెడితే ఆకలితో కూర్చుంటుంది గానీ ముట్టదు. అందుకే పిల్లగా ఉన్నప్పుడే రెండు మూడు రకాలు కలిపి పెట్టడం మంచిది. మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ పది రోజుల నుంచి రెండు వారాలు తీసుకోండి.

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉల్లిపాయ కూడా ముట్టరు. వాళ్ళు పొడి మేత డబ్బా, గరిట, గిన్నె అన్నీ గరాజ్‌లో పెట్టుకున్నారు, కడిగేది కూడా అక్కడి సింక్‌లోనే. పచ్చిమాంసం జోలికి పోలేదు. ఆరేళ్ళుగా సాగుతోంది. ఆ మాత్రం కూడా ఇంట్లో ఇబ్బంది అనిపిస్తే కుందేలుని తెచ్చుకోండి. గడ్డి, ఆకుకూర తింటుంది, మీకూ దానికీ శాంతి.

వస్తువులు మాయమవుతున్నాయి. సాక్సులు, తాళాలు, రిమోట్...

సోఫా వెనక చూశారా? ఒకసారి మా సోఫా జరిపితే దొరికినవి: ఒంటి సాక్సులు తొమ్మిది, పూజగంట, మా అత్తగారి కళ్ళజోడు కేసు, నెల రోజులుగా వెతుకుతున్న గరాజ్ రిమోట్. దొంగ సొమ్ము మొత్తం ఒకేసారి లాక్కోకండి. దాచుకున్న చోటు ఖాళీ అయితే కంగారుగా తిరుగుతుంది. కావాల్సింది తీసుకుని మిగతావి వదిలేయండి.

నవ్వుకునే సంగతి ఇక్కడితో సరి. రబ్బరు, ఫోమ్ విషయంలో నవ్వొద్దు. వాటిని కొరికి మింగితే పేగులో అడ్డం పడుతుంది, ఆపరేషన్ చేయకపోతే చచ్చిపోతుంది. రిమోట్ బటన్లు, ఇయర్‌ఫోన్ చివరి రబ్బరు, హవాయి చెప్పులు, ఎరేజర్, షూ లోపలి మెత్త, బాటిల్ మూత వాషర్. మన ఇళ్ళలో అదనంగా కుక్కర్ గ్యాస్కెట్, ప్యాకెట్లకి చుట్టే రబ్బరు బ్యాండ్లు, దీపం వత్తులు. తిండి మానేసి, పళ్ళు కొరుకుతూ, డీలాపడి, మలం సన్నగా వచ్చినా అసలు రాకపోయినా రేపటిదాకా ఆగకుండా అప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఇంటిని ఎలా సిద్ధం చేయాలి?

బోర్లా పడుకుని గదంతా పాకండి. నిజంగానే. నిలబడి చూస్తే కనిపించని కన్నాలు అప్పుడు కనిపిస్తాయి. తల పట్టిన చోట ఒళ్ళు పడుతుంది. కిచెన్ క్యాబినెట్ల అడుగు, స్టవ్ వెనక, డ్రయర్ గొట్టం, సోఫా కింద చిరిగిన గుడ్డ, ఇవన్నీ దాని కంటికి కుందేలు బొరియలే. కార్డుబోర్డు పెడితే గంటలో తవ్వేస్తుంది, చెక్క పలకలు బిగించండి.

రిక్లైనర్ కుర్చీ ఉన్న గదిలోకి మాత్రం రానివ్వొద్దు. లోపలి ఇనప చట్రంలో దూరి నిద్రపోతుంది, తెలియక మనం లివర్ లాగుతాం. వాషింగ్ మెషిన్‌లో బట్టలు వేసేముందు ఒక్కొక్కటీ దులపండి. మాసిన బట్టల కుప్ప కన్నా మెత్తటి పడక దానికి ఇంకోటి లేదు.

ఇల్లంతా ఒకేసారి సరిచేయలేక చాలామంది నీరసపడతారు. ఒక గది తీసుకుని దాన్ని పూర్తి చేయండి, మిగతా ఇల్లు తలుపులు వేసుకుని ఉండనివ్వండి. మేం రెండేళ్ళు అలాగే ఉన్నాం.

మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. పగలంతా పంజరంలో ఉంచితే పాపం కదా?

పగలు ఎలాగూ నిద్రే. ఉదయం, సాయంత్రం సందెవేళల్లో లేస్తుంది. రెండు పూటలా కలిపి కనీసం నాలుగు గంటలు బయట తిరగనివ్వాలి, ఇది మాత్రం రాజీ లేని లెక్క. పంజరం రెండు మూడు అంతస్తులది, నేల తీగలతో కాకుండా పలకలతో ఉన్నది తీసుకోండి, పైన ఒక ఉయ్యాల కట్టండి. రోజుకి నాలుగు గంటలు ఇవ్వలేని ఇల్లయితే చేపల తొట్టి మేలు.

ఒకటి చాలా, రెండు కావాలా?

మీకు సమయం ఉంటే ఒకటి. లేకపోతే రెండు. మిరియం వచ్చాక జున్ను మమ్మల్ని సతాయించడం సగం తగ్గింది. కొత్తదాన్ని తిన్నగా పంజరంలో వేయకండి. రెండు వారాలు వేరుగా ఉంచి, దుప్పట్లు మార్చి వాసన అలవాటు చేసి, తర్వాత ఎవరిదీ కాని గదిలో కలపండి. మెడ పట్టి ఈడ్చుకోవడం, దొర్లడం మామూలే. రక్తం వచ్చినా, భయంతో మలవిసర్జన చేసినా విడదీయాలి.

ఆపరేషన్ చేయని ఆడ ఫెరెట్‌ని ఎవరైనా ఇస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. ఎదకి వచ్చాక మగదానితో కలవకపోతే ఆ ఎద తగ్గదు, హార్మోన్ పెరిగి ఎముక మజ్జ దెబ్బతిని రక్తహీనతతో చనిపోయే ప్రమాదం ఉంది.

పసిపిల్లలున్న ఇంట్లో?

పసిబిడ్డ దగ్గర ఫెరెట్‌ని ఒంటరిగా ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఇందులో "మా ఫెరెట్ మంచిదండీ" అన్న మాటకి చోటు లేదు. నా మటుకు నేను ఇంట్లో ఆరేళ్ళు దాటని పిల్లలుంటే ఆగమనే చెప్తాను.

గోళ్ళు కత్తిరించబోతే పాములా జారిపోతోంది.

వెల్లకిలా ఒళ్ళో పడుకోబెట్టి, పొట్ట మీద నాలుగు చుక్కలు సాల్మన్ నూనె వేయండి. నాకడంలో మునిగిపోతుంది, మీరు ప్రశాంతంగా కత్తిరించుకోవచ్చు. రెండు వారాలకోసారి. లోపల ఎర్రగా కనిపించే నరం తెగకుండా చూసుకోండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, దేనికి?

కొనకముందే డాక్టర్ని వెతకండి. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే క్లినిక్కులన్నీ ఫెరెట్‌ని చూడవు. ఇలాంటి అరుదైన పెంపుడు జంతువుల్ని చూసే ఎగ్జాటిక్ వెట్ కావాలి, అలాంటివాళ్ళు తక్కువ, ఫీజు ఎక్కువ. మేం మొదట వెళ్ళిన ఒక క్లినిక్‌లో వాళ్ళు మర్యాదగా "మాకు అనుభవం లేదు" అన్నారు. అది వినడానికి నలభై నిమిషాలు డ్రైవ్ చేశాం.

రెండు టీకాలు తప్పవు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వస్తే ఫెరెట్ బతకడం దాదాపు జరగదు. 8 వారాల వయసు నుంచి మూడు వారాల తేడాతో మూడు డోసులు, తర్వాత ఏడాదికోసారి. రేబిస్‌కి 12 వారాలు దాటాక ఒకటి, ఆపైన ఏటా. కొన్నిటికి టీకా పడక వాంతులు, ఎగశ్వాస వస్తాయి కాబట్టి వేయించాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి. రేబిస్ కాగితం భద్రంగా పెట్టుకోండి. ఎవరినైనా కొరికితే మొదట అడిగేది అదే.

నాకు ఫ్లూ వచ్చింది. దానికి అంటుకుంటుందా?

అంటుకుంటుంది, దాని నుంచి మీకూ తిరిగి అంటుకోవచ్చు. మనిషి ఫ్లూ వైరస్‌ని మొదటిసారి వేరుచేసింది ఫెరెట్ల సాయంతోనే. 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా ఆ పని చేశారు. జబ్బుపడ్డ ఫెరెట్ ఒకటి స్మిత్ ముఖాన తుమ్మితే ఆయనా మంచమెక్కారు. కోవిడ్ కూడా వీటికి సోకుతుంది. జ్వరంగా ఉన్నప్పుడు మేత పెట్టే పని ఇంట్లో వేరేవాళ్ళకి అప్పగించండి, కుదరకపోతే మాస్క్ వేసుకోండి.

ఏ జబ్బులకి సిద్ధంగా ఉండాలి?

మూడు నాలుగేళ్ళు దాటాక రెండు ఎక్కువగా వస్తాయి. ఒకటి అడ్రినల్ జబ్బు, అంటే మూత్రపిండాల దగ్గరుండే హార్మోన్ గ్రంథులది. తోక దగ్గర మొదలై వెంట్రుకలు రాలిపోతాయి, దురద ఉంటుంది. మగవాటిలో ప్రోస్టేట్ వాచి మూత్రం ఆగిపోతే అది ఎమర్జెన్సీ. దీనికి చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ ఉంది.

రెండోది ఇన్సులినోమా. క్లోమంలో చిన్న గడ్డలు ఇన్సులిన్‌ని అతిగా వదలడం వల్ల రక్తంలో చక్కెర పడిపోతుంది. మధుమేహానికి సరిగ్గా తిరగేసిన జబ్బు. పోయిన ఏడు ఒక ఉదయం జున్ను ఉయ్యాల దిగి గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. చొంగ కారుతోంది, ముందు కాళ్ళతో నోరు గీక్కుంటున్నాడు, వెనక కాళ్ళు ఈడుస్తున్నాడు. వేలికి కాస్త తేనె రాసుకుని చిగుళ్ళకి పూశాను. నోట్లో పోస్తే పొలమారుతుంది, పూయడమే. తేరుకోగానే నాలుగు ముద్దలు మాంసం తినిపించి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఇప్పుడు రోజుకి రెండుసార్లు మందు. బాగానే ఉన్నాడు, దొంగతనాలు మానలేదు. తేనె తీపి కదా అని రోజూ పెట్టొద్దు, అది ప్రాణం మీదికి వచ్చినప్పటికే.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. ఫెరెట్ ధర, పంజరం ధర ఒక లెక్కలోవి కావు. ఒక్క ఆపరేషన్‌కి వేల డాలర్లు అవుతాయి. మొదటి నెలలోనే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఇన్సూరెన్స్ తీసుకోండి. లేదా నెలనెలా కొంత పక్కన పెట్టండి.

రెండు నెలలైంది. తప్పు చేశామేమో అనిపిస్తోంది.

మొదట్లో అందరికీ అనిపిస్తుంది. నేను ఒకరోజు లిట్టర్ బాక్స్ పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాను. మనం కుక్క ప్రేమని, పిల్లి శుభ్రతని ఊహించుకుని తెచ్చుకుంటాం. ఇది పిలిస్తే రాదు, ఒళ్ళో కుదురుగా కూర్చోదు, మొదటి ఏడాదంతా పసివాళ్ళ అల్లరే. ఏడాది దాటాక నెమ్మదిస్తుంది.

అయినా కుదరడం లేదంటే ఫెరెట్ రెస్క్యూ సంస్థలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, వాళ్ళకి అప్పగించండి. బయట మాత్రం వదలొద్దు. అడవి జంతువులా ఉంటుంది గానీ బయట కొన్ని రోజులకి మించి బతకడం కష్టం.

ఇండియాకి తీసుకెళ్ళొచ్చా? హైదరాబాద్‌లో మా తమ్ముడు కూడా కొంటానంటున్నాడు.

నా జవాబు వద్దనే. ఫెరెట్‌కి చెమట పట్టదు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది, 32 దగ్గర వడదెబ్బ. కొలంబస్‌లోనే ఒక జూలైలో ఏసీ చెడిపోతే చల్లటి నీళ్ళ సీసాలు తువ్వాళ్ళలో చుట్టి పంజరంలో పెట్టి, రాత్రంతా వంతులవారీగా కాపలా కాశాం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. దానికి తోడు ఫెరెట్‌ని చూసిన డాక్టర్ దొరకడం కష్టం, సరైన మేత దొరకడం కష్టం. తమ్ముడికి ఈ సంగతులు చెప్పండి.

మరి మేం నెల రోజులు ఇండియా వెళ్తే ఎవరి దగ్గర వదలాలి?

టికెట్లు బుక్ చేసేముందు ఆలోచించాల్సిన విషయం. మామూలు డాగ్ బోర్డింగులు చాలావరకు తీసుకోవు. ఎగ్జాటిక్ వెట్ క్లినిక్‌లో బోర్డింగ్ ఉందేమో అడగండి, లేదా ఫెరెట్లు పెంచే ఇంకో కుటుంబంతో వంతు పెట్టుకోండి. మేం చేసేది రెండోదే. వాళ్ళు క్రిస్మస్‌కి వెళ్తే వాళ్ళవి మా ఇంట్లో, మేం వేసవిలో వెళ్తే మావి వాళ్ళింట్లో.

వెళ్ళడానికి రెండు వారాల ముందు ఒక శని, ఆదివారాలు అక్కడ ఉంచి చూడండి. నెలకి సరిపడా అదే మేత ఇవ్వండి, ఉతకని మీ టీషర్ట్ ఒకటి ఇవ్వండి. ఒక కాగితం మీద మందు వేళలు, డాక్టర్ నంబరు, తేనె ఎలా పూయాలో, ఎంత ఖర్చు దాకా మిమ్మల్ని అడక్కుండా వైద్యం చేయించొచ్చో రాసి సంతకం చేసి ఇవ్వండి. మీరు విమానంలో ఉండగా వాళ్ళు నిర్ణయం తీసుకోవాల్సి రావచ్చు.

తిరిగొచ్చిన రాత్రి సూట్‌కేసులు తెరిచిపెట్టి నిద్రపోకండి. మేం పోయాం. గోంగూర పచ్చడి ప్యాకెట్‌కి మా అమ్మ చుట్టిన రబ్బరు బ్యాండు తెల్లారి సోఫా వెనక సగమే దొరికింది. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేస్తే రెండింటినీ తీసుకుని రమ్మన్నారు. ఎక్స్‌రేలు, బిల్లు, రాత్రంతా కాపలా. మర్నాడు మధ్యాహ్నం మిగతా సగం మిరియం లిట్టర్ బాక్స్‌లో కనిపించింది. అంతవరకు మేమంతా జున్నునే అనుమానిస్తూ కూర్చున్నాం.